వైనతేయ ఎదురొచ్చిన వేళ

ఆ రోజుల్లో వైనతేయ అన్న పేరుతో ఈ లోకంలో మేమిద్దరమే ఉండేవాళ్ళం. ఒకటి గోదావరి పాయ, రెండోది నేను. పాయకి ఆ పేరెలా వచ్చిందో పురాణం తెలిసినవాళ్ళు చెబుతారు గానీ, నాకెలా వచ్చిందన్నది మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ తేలని తగువే. ఇప్పుడు పరిస్థితి వేరు. అమలాపురం బస్టాండులో నిలబడి "వైనతేయా!" అని గట్టిగా ఒక్క కేక వేస్తే, సమోసా తింటున్న పిల్లొకతి, సెల్లు చూసుకుంటున్న పిల్లొకతి, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని జీళ్ళ కోసం ఏడుస్తున్న పిల్లొకతి ఒకేసారి తలెత్తుతారు. (నేను కేకేసి చూశాను. చూసి, మీరనుకున్న మనిషిని కాదన్నట్టు పక్కకి తిరిగి బస్సు బోర్డు చదువుకున్నాను.) ఆ పిల్లలెవరికీ తెలియని సంగతేమిటంటే, ఆ పేరు వాళ్ళ దాకా రావడానికి కారణం నేను. నేను దాన్ని వదిలించుకోవడానికి ఎంత పెనుగులాడానో తెలిస్తే నవ్విపోతారు.

మా ఊరు రాజోలు వైపు, గోదావరి గట్టుకి ఆనుకుని ఉంటుంది. ఇప్పుడంటే వంతెన వచ్చింది గానీ, అప్పట్లో అమలాపురం వెళ్ళాలంటే రేవులో పంటు ఎక్కి పాయ దాటాల్సిందే. మనుషులు, మోటారు సైకిళ్ళు, గేదెలు, కొబ్బరికాయల వ్యాన్లు, అన్నీ ఆ ఇంజను పడవ మీదే. మా నాన్నకి ఆ రేవులోనే టీకొట్టు. అమ్మకి నొప్పులొచ్చిన రోజున పంటు మీద ఒక కాయల వ్యాను, ఒక పెళ్ళివారి గుంపు, వాళ్ళ సన్నాయి మేళం ఉన్నాయట. పాయ మధ్యకొచ్చేసరికి అమ్మ కేక పెట్టిందట. పంటు నడిపే సరంగు ఆ కేకకి హడలిపోయి చుక్కాని వదిలేశాడట. పంటు తాపీగా వెళ్ళి ఇసక మేట ఎక్కి కూర్చుందట. ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు, మగవాళ్ళందరూ వ్యానుకి అటువైపు నిలబడి ఆకాశం చూశారు, అమ్మ కేకలు పెళ్ళికొడుకు చెవిన పడితే అశుభమని ఎవరో అంటే మేళంవాళ్ళు శక్తికొద్దీ వాయించారు, ఆ డోలు మోతలో నేను పుట్టాను. ఇది మా నాయనమ్మ చెప్పే కథ. తాతయ్య చెప్పే కథలో పంటు ఎక్కడా ఆగలేదు, నేను అవతలి ఒడ్డున ఆస్పత్రిలో బుద్ధిగా పుట్టాను, పెళ్ళివారు అసలు లేరు. "మరి పిల్లని చుట్టిన పట్టుకండువా ఎవరిదండీ?" అని నాయనమ్మ అడిగితే తాతయ్య పొలం వెళ్ళిపోయేవారు. అమ్మని అడిగితే, "నాకేం గుర్తులేదు, ఆ డోలు చప్పుడు తప్ప" అనేది.

బారసాల నాటికి మా మేనత్త 'సౌజన్య' అన్న పేరు ఖాయం చేసుకుని, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరం చేత్తో పట్టుకుని రాయడానికి సిద్ధంగా కూర్చుందట. అప్పుడు వచ్చాడట సరంగు. పిలవలేదు. చేతిలో నిలువెత్తు పండుగప్ప చేప. "నా పంటు మీద పుట్టిన పిల్లండీ. గోదారి పేరెట్టాలండి. వేరే పేరెట్టేరంటే ఆ తల్లి ఊరుకోదండి, ఆయ్" అని గుమ్మంలో నిలబడ్డాడట. పంతులుగారు నక్షత్రం చూసి, "వకారమే వచ్చింది, అభ్యంతరం లేదు" అన్నారట. (ఆయన దృష్టి కూడా చేప మీదే ఉందని మేనత్త అంటుంది గానీ, పంతులుగారి మీద అది అన్యాయపు మాట.) మేనత్త మూతి ముడుచుకుని, బియ్యంలో 'వైనతేయ' అని రాసి, చేతులు దులుపుకుని, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నన్ను సౌజన్య అనే పిలుస్తోంది.

పేరుతో నా కష్టాలు బడిలో మొదలయ్యాయి. తెలుగు మాస్టారు మొదటిరోజే కళ్ళజోడు పైకి తోసుకుని, "వైనతేయుడంటే ఎవరో తెలుసునా అమ్మా? వినత కొడుకు. గరుత్మంతుడు. పాముల్ని తింటాడు" అని క్లాసంతా వినేలా వివరించారు. అంతే, ఆ మధ్యాహ్నం నుంచి నా పేరు గద్ద. మా క్లాసులో అప్పటికి నలుగురు శ్రావ్యలు ఉండేవారు. నలుగురూ తెల్లగా, ముద్దుగా, రిబ్బన్లు కట్టుకుని ఒకే బెంచీ మీద కూర్చునేవారు. టీచరు "శ్రావ్యా" అంటే నలుగురూ లేచి, ఒకరినొకరు చూసుకుని కిలకిల నవ్వుకునేవారు. ఆ నవ్వు చూస్తే నాకూ వెళ్ళి ఆ బెంచీ చివర ఇరుక్కుని కూర్చోవాలనిపించేది. నా జీవితాశయం అప్పుడే స్థిరపడింది. డాక్టరు కాదు, కలెక్టరు కాదు. ఐదో శ్రావ్య కావాలి. పదో తరగతి సర్టిఫికెట్లో పడితే పేరు ఇక మారదని, ఏం చేసినా ఆలోపే చెయ్యాలని ఎవరో చెప్పారు. నాకు చాలా టైముందని ధైర్యంగా ఉన్నాను. ఆ టైములోనే కువైట్ బాబాయి వచ్చి పడ్డాడు.

బాబాయంటే సొంత బాబాయి కాదు, మా వీధి చివరింటాయన. అప్పటికింకా కువైట్ మొహం కూడా చూడలేదు, కానీ వెళతానని అంతకాలంగా చెబుతున్నాడు కాబట్టి ముందుగానే ఆ పేరు వచ్చేసింది. బయల్దేరిన ప్రతిసారీ ఏదో ఒకటయ్యేది. ఒకసారి ఏజెంటు డబ్బుతో ఉడాయించాడు, ఒకసారి మెడికల్లో పోయింది, ఒకసారి బొంబాయి దాకా వెళ్ళి టికెట్టు లేక తిరిగొచ్చాడు. నేను ఏడో తరగతిలో ఉండగా మళ్ళీ బయల్దేరాడు. ఈసారి గట్టిగా శకునం చూసుకుని, నీళ్ళబిందెతో వాళ్ళ వదినగారిని ఎదురు రమ్మన్నాడు. ఆవిడ చీర మార్చుకునేసరికి పంటు కూత పెట్టేసింది. బాబాయి పరుగెత్తుకుంటూ రేవు మలుపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే నేను, టీగ్లాసులు కడగడానికి బుల్లి ఇత్తడి బిందెతో నీళ్ళు ముంచుకుని, యూనిఫాంలో, రెండు జడలతో గట్టెక్కుతున్నాను. బాబాయి టక్కున ఆగిపోయాడు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. (రోజూ మా కొట్లో అప్పుమీద టీ తాగే మనిషి. కంగారులో ఆనలేదు పాపం.)

"వైనతేయనండి" అన్నాను.

బాబాయి ఒకసారి నావైపు చూశాడు, ఒకసారి నా వెనక పాయవైపు చూశాడు. "అయ్యబాబోయ్! గోదారే ఎదురొచ్చేసింది" అన్నాడు. "చల్లగా ఉండమ్మా" అని, వెనక్కి తిరిగి చూడకుండా పంటెక్కేశాడు.

ఇక చూడండి. విమానం దొరికింది. కువైట్‌లో మంచి సేటు దొరికాడు. డ్రైవరు పని అనుకుని వెళితే, సేటుగారి తోటలో నీడపట్టున ఖర్జూరపు చెట్లు చూసుకునే పని తగిలింది. బాబాయి ఫోను చేసి వాళ్ళావిడతో, అంటే మా కువైట్ పిన్నితో, "అంతా ఆ పిల్ల ఎదురొచ్చిన వేళా విశేషమే" అన్నాడట. పిన్ని ఆ మాట మా కొట్టు దగ్గర చెప్పింది. మా కొట్టు దగ్గర చెబితే పంటెక్కి అవతలి ఒడ్డుకి కూడా వెళుతుంది.

ఆ నెల నుంచే మా ఇంటికి మనుషులు రావడం మొదలెట్టారు. మస్కట్ వెళ్ళేవాళ్ళు, దుబాయ్ వెళ్ళేవాళ్ళు, ఖతార్ ఎక్కడుందో తెలియకుండా ఖతార్ వెళ్ళేవాళ్ళు. "ఏవండీ, రేపొద్దున్న మావోడు ఎల్తన్నాడండి. అమ్మాయిగారిని కాస్త ఎదురు పంపుతారా?" అని నాన్నని అడిగేవారు. అమ్మాయిగారు! నిన్నటి దాకా గద్దని! అమ్మ వద్దంది గానీ, నాన్న "మంచిమాటే కదా, పోయేదేముంది" అన్నాడు. నాయనమ్మ చింతపండు పెట్టి బుల్లి బిందెని తళతళ తోమింది. పనికి నియమాలు కూడా వాటంతటవే ఏర్పడ్డాయి. రేవు మలుపులోనే నిలబడాలి. రెండు జడలే ఉండాలి. బాబాయికి కలిసొచ్చింది గనక యూనిఫామే వేసుకోవాలి. (ఆదివారాలు కూడా. ఆదివారం యూనిఫాం వేసుకుని గట్టుమీద నిలబడ్డ పిల్లని చూసి కొత్తవాళ్ళు ఏమనుకునేవారో.) వెళ్ళేవాడు ఆగి "ఎవరమ్మా నువ్వు?" అనాలి, నేను "వైనతేయనండి" అనాలి, అతను "చల్లగా ఉండమ్మా" అని వెనక్కి చూడకుండా పంటెక్కాలి. పసలపూడి వైపు నుంచి వచ్చిన ఒకాయన తొందరలో నా పేరడగడం మర్చిపోయి, రావులపాలెం దాకా వెళ్ళాక గుర్తొచ్చి, ఆటో కట్టించుకుని వెనక్కొచ్చి, నన్ను లెక్కల క్లాసులోంచి బయటికి పిలిపించి పేరడిగి వెళ్ళాడు. ఇంకొకాయన బొంబాయి నుంచే తిరిగొచ్చేస్తే, ఇక ఈ గొడవ వదిలిందని నేను సంతోషించాను. కానీ ఊళ్ళో ఎవరూ నన్ననలేదు. "ఆ రోజు పిల్లకి పడిశం పట్టిందండి, పాపం. పేరు గట్టిగా అనలేకపోయింది" అని సర్దిచెప్పేసుకున్నారు.

డబ్బు తీసుకునేవాళ్ళం కాదు గానీ, సెలవు మీద వచ్చినవాళ్ళు ఏదో ఒకటి తెచ్చేవారు. ఖర్జూరాలు, అత్తరు సీసాలు, సబ్బులు. అన్నిటికన్నా ఎక్కువగా దుప్పట్లు. పులిబొమ్మ ఉన్న దుప్పట్లు, కప్పుకుంటే మనిషి కనబడనంత మందం. మా కోనసీమ ఉక్కలో వాటితో ఏం చేస్తామండీ? ఇంట్లో ఎక్కడ చూసినా పులులే. మంచం మీద పులి, బీరువా మీద పులి, చివరికి తాతయ్య గేదెకి చలికాలం పులి కప్పితే అది భయపడి తాడు తెంపుకుంది.

బడిలో మాత్రం నేనింకా గద్దనే. అందుకే పదో తరగతిలోకి రాగానే హెడ్మాస్టారి దగ్గరికి వెళ్ళి, పేరు మార్చమని అడిగాను. ఆయన సైన్సు మనిషి. ప్రార్థన సమయంలో రోజూ మూఢనమ్మకాల మీద ఒక ముక్క చెప్పందే మమ్మల్ని క్లాసుకి వదిలేవారు కాదు. "తప్పకుండా మార్చుకోవచ్చు. పేరనేది ఒక గుర్తు, అంతకన్న ఏం లేదు. మీ నాన్నగారిని తీసుకురా" అన్నారు. నాన్న ఒక పూట ఆలోచించి, "నీ పేరు, నీ ఇష్టం" అన్నాడు. ఆ రాత్రి నేను పులి మీద పడుకుని, శ్రావ్య, శ్రావ్య అని అనుకుంటూ నిద్రపోయాను. అంత హాయైన నిద్ర మళ్ళీ పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూస్తే మా వాకిట్లో జనం. ముందు కువైట్ పిన్ని, బాబాయి సెలవు మీద వచ్చి వెళ్ళాక ఆవిడకి అప్పుడు నెలలు నిండుతున్నాయి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. పక్కన సెలవు మీదొచ్చిన మస్కట్ మావయ్య, బంగారు రంగు వాచీతో. వెనకాల దుబాయ్ అత్త, ఇంకా ఎవరెవరో. సరంగు కూడా వచ్చాడు.

"పాప పేరు మార్చేత్తన్నారంటండీ?" అంది పిన్ని.

"ఆయ్, అనుకుంటున్నామండి" అన్నాడు నాన్న.

"మరి మావోళ్ళ సంగతేంటండీ?" అన్నాడు మస్కట్ మావయ్య. "ఈ పేరు నమ్ముకుని సముద్రం దాటేవండి మేం. నాకింకా రెండేళ్ళ వీసా ఉందండి. మధ్యలో మీరు పేరు తీసేత్తే అక్కడ నేనేమైపోవాలండీ?"

నాన్న బుర్ర గోక్కున్నాడు. "వీసా మీ పేరుమీద ఉంటాది గానీ, మా పిల్ల పేరుమీద ఉండదు కదండీ, మావయ్యగారూ."

"కాయితం మీద నా పేరే ఉంటాదండి. కాదన్నానా? కానీ నడిచేది ఈ పిల్ల పేరుమీదండి" అన్నాడాయన. వెనకున్నవాళ్ళందరూ "మరేనండి, మరేనండి" అన్నారు. ఈలోగా పిన్ని సెల్లులో కువైట్ కలిపి, స్పీకరు పెట్టి నాన్న మొహం ముందు పట్టుకుంది. అటునుంచి బాబాయి గొంతు, వెనకాల గాలి హోరు. "అన్నయ్యా! ఈ నెలలోనే నా అకామా రెన్యువలుంది. ఆ కాయితం లేకపోతే ఇక్కడ ఉండనివ్వరు. అదయ్యేదాకా ఆగన్నయ్యా. నీకు పుణ్యముంటాది. పిల్లకి మంచి దుప్పటి పంపుతాను!"

నేను నోట్లో బ్రష్షుతోనే, "దుప్పటొద్దు!" అని అరిచాను. నురగంతా మస్కట్ మావయ్య వాచీ మీద పడింది.

"పోనీ, మా ఆయన వచ్చేదాకా ఆగండి" అంది దుబాయ్ అత్త. మా తమ్ముడొచ్చేదాకా అన్నారొకరు. ఒకరొచ్చేసరికి ఇంకొకరు వెళతారు కాబట్టి, ఆ లెక్కన నేను ముసలిదాన్నయ్యాక, ప్రపంచంలో పెట్రోలు అయిపోయాక శ్రావ్యని కావచ్చు. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న నా మొహం చూసి, "ఇదంతా నాకెందుకండీ, హెడ్మాస్టారు ఎలా చెబితే అలా" అన్నాడు. అందరం కలిసి హెడ్మాస్టారింటికి బయల్దేరాం. దారిలో ఇంకొంతమంది కలిశారు. నేను ధైర్యంగానే నడిచాను. ఎంతైనా ఆయన సైన్సు మనిషి.

హెడ్మాస్టారు అరుగు మీద నిలబడి అందరికీ చక్కగా వివరించారు. పేరుకీ వీసాకీ సంబంధం లేదన్నారు. ఎదురొచ్చిన మనిషికీ ఎగిరే విమానానికీ సంబంధం లేదన్నారు. ఇరవై ఒకటో శతాబ్దంలో ఉన్నామన్నారు. మస్కట్ మావయ్య తల దించుకున్నాడు. నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. సరిగ్గా అప్పుడు లోపల్నుంచి వాళ్ళావిడ కాఫీగ్లాసుతో వచ్చి, మెల్లగా అంది: "అది కాదండీ. లక్ష్మివారం మా తమ్ముడు దోహా వెళుతున్నాడు కదా. ఈ పిల్లని ఎదురు రమ్మని మనమే అడగాలనుకున్నాం కదా."

హెడ్మాస్టారు కాఫీ ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు.

"అయితే ఒకటి" అన్నారు చివరికి. "సైన్సు ప్రకారం చూసినా సరే, జరుగుతున్న ప్రయోగాన్ని మధ్యలో ఆపకూడదు."

అలా నా పదో తరగతి సర్టిఫికెట్లో వైనతేయ అని అచ్చుపడింది. లక్ష్మివారం పొద్దున్న యూనిఫాం వేసుకుని, బిందె పట్టుకుని, ఉబ్బిన కళ్ళతో హెడ్మాస్టారి బావమరిదికి ఎదురెళ్ళాను. అతను ఇప్పటికీ దోహాలోనే ఉన్నాడు. బాగానే సంపాదించాడని వింటాను.

ఆ తర్వాత పదిహేను రోజులకో ఎంతకో కువైట్ పిన్నికి ఆడపిల్ల పుట్టింది. బారసాలలో ఏం పేరు పెట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు. మా నాన్నకి బట్టలు పెట్టి మరీ పిలిచారు. బియ్యంలో నా పేరు వేరే పిల్ల కోసం రాస్తుంటే పక్కన నిలబడి చూశాను. ముందు గర్వంగానే అనిపించింది. తర్వాత దుబాయ్ అత్త మనవరాలికి పెట్టారు. ఆ తర్వాత ఆలమూరులో వాళ్ళ బంధువులెవరో పెట్టారు. ఏటి పేరు ఆడపిల్లకి ఎంత బావుందో అని, ఏ గల్ఫుకీ సంబంధం లేనివాళ్ళు కూడా పెట్టడం మొదలెట్టారు. పెద్ద వైనతేయ, చిన్న వైనతేయ, బొద్దు వైనతేయ, ఆత్రేయపురం వైనతేయ. మా వీధిలో మా అమ్మ నన్ను అన్నానికి పిలిస్తే, ఆకలితో ఉన్న ఇంకో వైనతేయ కూడా వచ్చి పీట మీద కూర్చునేది.

అసలు దెబ్బ ఇంటర్ చదివేటప్పుడు తగిలింది. కువైట్ బాబాయి తమ్ముడు సౌదీ వెళుతుంటే నన్ను పిలవలేదు. పొద్దున్నే జడలేసుకుని, తయారై కూర్చుని చూశాను. ఎవరూ రాలేదు. "మన ఇంట్లోనే ఒక వైనతేయ ఉండగా వాళ్ళనెందుకు శ్రమ పెట్టడం" అన్నారట. ఉండబట్టలేక రేవుకి వెళ్ళి, మా కొట్టు వెనక నుంచి తొంగి చూశాను. రెండేళ్ళ పిల్ల. గౌను. చేతిలో ప్లాస్టిక్ చెంబు. అడుగు వేస్తే సగం నీళ్ళు గౌను మీద, ఇంకో అడుగు వేస్తే మిగతా సగం నేలమీద. నేనైతే అన్నాళ్ళలో ఒక్క చుక్క ఒలికించలేదు! "ఎవరమ్మా నువ్వు?" అని వాళ్ళ బాబాయి ముద్దుగా అడిగితే, అది చెంబు వెనక్కి విసిరేసి, "బిక్కెట్టు" అంది. రేవు రేవంతా మురిసిపోయి చప్పట్లు కొట్టింది. వాడు వెళ్ళిన పని కూడా దివ్యంగా అయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పేరు వదిలించుకోవడానికి ఏడ్చినదాన్ని, ఇప్పుడు అదే పేరు ఇంకొకరు వాడుకుంటున్నారని ఏడ్చాను. పదహారేళ్ళ పిల్లని రెండేళ్ళ పిల్లతో పోటీకి దిగి ఓడిపోయాను. శ్రావ్యలు నలుగురుంటే ఎంత ముద్దుగా ఉంటుందో అనుకున్నదాన్ని కదా, వైనతేయలు నలుగురైతే ఎందుకంత దుఃఖమో నాకే అర్థం కాలేదు.

డిగ్రీ అయ్యాక నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. గల్ఫు కాదు, ఏం కాదు, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు. అప్పటికి వంతెన వచ్చేసింది. సరంగు పంటు ఒడ్డున బోర్లా పడుంది. మా కొట్టు వంతెన మొదట్లోకి మారింది. ఆ సాయంత్రం సంచులు సర్దుకుని గుమ్మంలోకొచ్చాను. "ఎదురెవరూ?" అంది నాయనమ్మ. నేను చదువుకున్నదాన్ని కదా, "నాకలాంటివి పట్టవు నాయనమ్మా" అన్నాను. అని, గడప దాటబోతే కాలు పడలేదు. అదేమిటో, నిజంగా పడలేదు. మొదటిసారి ఇల్లు వదులుతున్నాను. ఆ ఊళ్ళో ఎవరికీ తెలియను. ఎంతమందిని చూశాను నేను, ఎంతమంది ఆ మలుపులో ఆగి నన్ను పేరడిగారు! వాళ్ళ కళ్ళు ఎర్రగా ఉండేవని, నేనిచ్చేది నీళ్ళబిందె కాదని, కాస్త ధైర్యమని అప్పుడు తట్టింది. "నీకు నువ్వే ఎదురు రాలేవు కదే" అంది నాయనమ్మ దిగులుగా. వైనతేయ కానివాళ్ళు ఎదురొస్తే చెల్లదని అప్పటికి మా వైపు పట్టింపు. అమ్మ అప్పటికే వెనకగుమ్మం లోంచి ఎటో పరుగెత్తింది.

నాన్న సంచులు మోటారు సైకిలుకి కడుతుంటే నేను వాకిట్లోకి దిగాను. వీధి మలుపులో కువైట్ పిన్ని కూతురు, చిన్న వైనతేయ వస్తోంది. ఆరేళ్ళదయింది. రెండు జడలు, యూనిఫాం. చేతుల్లో నా బుల్లి ఇత్తడి బిందె. మా అమ్మ వెనక నుంచి "మెల్లిగా, మెల్లిగా" అంటోంది. ఆ పిల్ల నాలిక బయటపెట్టి, ఒక్క చుక్క ఒలక్కుండా, కళ్ళు నీళ్ళమీంచి తియ్యకుండా నడిచొచ్చి, నా ముందు ఆగింది. ఆగి నిలబడింది. నేనూ నిలబడ్డాను.

"అడగక్కా" అంది గుసగుసగా. "నువ్వడక్కపోతే నేను చెప్పకూడదు."

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"వైనతేయనండి!"

అన్నేళ్ళలో ఆ పేరు నేను లక్షసార్లు చెప్పి ఉంటాను గానీ, ఎదురుగా నిలబడి ఒకరు నాకు చెబితే వినడం అదే మొదలు. ఎంత బావుందండీ ఆ పేరు! ఎవరూ చెప్పరేం నాకు? బంగారంలాంటి పేరు పెట్టి పంపితే, ఐదో శ్రావ్యనవుతానని ఊరంతటినీ ఏడిపించాను కదా అనిపించింది. "చల్లగా ఉండమ్మా" అని చెప్పి, వెనక్కి చూడకుండా బండెక్కాను. బండి కదిలాక వెనకనుంచి కేక వినబడింది. "అక్కా, నాకు పులి దుప్పటి తేవాలి!" ఊళ్ళో ఇంటింటికీ పులులుండగా దీనికి హైదరాబాదు పులి కావలసి వచ్చింది. మొదటి జీతంతో వెతికి వెతికి కొన్నాను.

మొన్న వేసవిలో ఊరెళ్ళాను. మా ఆఫీసులో నాకు అటొక శ్రావ్య, ఇటొక శ్రావ్య కూర్చుంటారు, ఇద్దరికీ ఒకరి మెయిళ్ళు ఒకరికి వెళ్ళిపోయి రోజూ తగువే, నాకే గొడవా లేదు అని అమ్మకి చెప్పి నవ్విస్తుంటే, చిన్న వైనతేయ వచ్చింది. చిన్న అనకూడదు, నాకన్నా పొడుగు. పదో తరగతిలోకి వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని నా పక్కన కూర్చుని, అమ్మ లోపలికెళ్ళేదాకా ఆగింది.

"అక్కా, నేను పేరు మార్చేసుకుందామనుకుంటున్నాను. మా క్లాసులో నలుగురు వైనతేయలున్నారక్కా. టీచరు పిలిస్తే అందరం లేవాలి. ఎవ్వరికీ లేని పేరు కావాలి నాకు. ఊరు మొత్తం మీద ఒక్కదానికి కూడా ఉండకూడదు."

"ఏం పేరనుకుంటున్నావేంటి?"

"ఎవరూ వినుండరక్కా. వింటే నువ్వే ఆశ్చర్యపోతావు" అని, చుట్టూ చూసి, నా చెవి దగ్గరకొచ్చి చెప్పింది. "శ్రావ్య."

నేను నవ్వలేదు. ఒట్టు, నవ్వలేదు. పదో తరగతిలోకి వచ్చిన పిల్ల మొహంలో ఆ ఆశ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీ పేరు నీ ఇష్టమని మా నాన్నలాగా పెద్దమనసుతో చెబుదామని నోరు తెరిచాను. కానీ మా కంపెనీలో జనాన్ని తగ్గిస్తారని నెల్లాళ్ళుగా గుసగుసలు వినబడుతున్నాయి. బయటికొచ్చిన మాట వేరే.

"మార్చుకుందువు గానిలేవే, తల్లీ" అన్నాను. "నా ఉద్యోగం సంగతి తేలేదాకా కాస్త ఆగు. నీకు పుణ్యముంటాది."